ఆవిడ ఏమంది?

అక్క కంటి ఆపరేషన్‌కి వచ్చేనాటికి బుల్లి రాస్తున్న నవల ఒక్క జవాబు దగ్గర ఆగిపోయి ఉంది.

కుట్టుపని చేసే ఆవిణ్ణి దుకాణం యజమాని అందరి ముందూ నిలబెట్టి, కోటు గుడ్డలో ముక్క కాజేశావంటాడు. అంతవరకూ నవల బాగానే నడిచింది. ఆపైన ఆవిడ ఏమనాలి? బుల్లి ఆవిణ్ణి ఏడిపించి చూసింది. ఎదురు తిరగనిచ్చి, పేజీన్నర ఉపన్యాసం ఇప్పించింది. ఒక్క మాటా అనిపించకుండా బయటికి నడిపించింది. ఏది రాసినా మర్నాడు చదువుకుంటే ఎవరిదో చొక్కా ఎవరికో తొడిగినట్టుండేది. కొట్టేసేది. కొట్టివేతలు పెరిగాయి గానీ కథ అంగుళం కదల్లేదు.

అది ఊహించి పుట్టించిన సంగతి కూడా కాదు. చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం అక్కకు క్యారియర్ పట్టుకెళ్ళి, దుకాణం అద్దం బయట నిలబడి తను చూసిందే. యజమాని నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. అక్క వీపు కనిపిస్తోంది. అద్దం మందం. ఒక్క మాటా బయటికి రాలేదు. బుల్లి క్యారియర్ గుమ్మం పక్కన పెట్టేసి ఇంటికి పరిగెత్తింది. మర్నాటి నుంచి అక్క ఆ దుకాణానికి వెళ్ళలేదు. ఇంట్లోనే మిషను వేసుకుంది. ఎందుకు మానేశావని ఎవరడిగినా "అక్కడ గాలాడదు" అనేది. ఆ రోజు తను ఏమందో ఎవరికీ చెప్పలేదు. అడగడానికి బుల్లికి ఏనాడూ నోరు రాలేదు.

చిన్న ప్రచురణ సంస్థ నడిపే సంపాదకురాలు మొదటి సగం చదివి, మిగతాది నెలాఖరులోగా ఇస్తే ఈ ఏడాది పుస్తకాల్లో వేస్తానంది. "ఆయన అరిచేదాకా గుక్క తిప్పుకోకుండా చదివానండీ. ఇక ఆవిడ ఏమంటుందన్న దాని మీదే నవలంతా నిలబడాలి" అని కూడా అంది. ఆ మాట విన్న పూట బుల్లికి కాళ్ళు నేల మీద నిలవలేదు. వారం తిరిగేసరికి అదే మాట గుండెల మీదికెక్కి కూర్చుంది.

దానికి తోడు ఉద్యోగం. నీటి సరఫరా కార్యాలయంలో ఫిర్యాదుల ఫోను దగ్గర పని. పొద్దున చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోను సాయంత్రం తీసేటప్పటికి చెవుల చుట్టూ ఎర్రగా అచ్చులు పడేవి.

"కుళాయి తిప్పితే గాలొస్తోందమ్మా. గాలికి కూడా బిల్లు వేస్తారా?"

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్."

"నువ్వు చింతిస్తే నా బకెట్టు నిండుతుందా?"

ఇలా రోజంతా. చెప్పాల్సిన వాక్యాలు అద్దాల గోడకు అంటించి ఉండేవి. వాటికి ఒక ముక్క ఎక్కువ చెప్పకూడదు, ఒక ముక్క తగ్గించకూడదు. మొన్నొకరోజు తెల్లవారుజామున తను రాసింది చదువుకుంటే, కుట్టుపని ఆవిడ యజమానితో "మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాను" అంటోంది. తన చేతిరాతలోనే ఉంది. మాటలు అరిగిపోయాయేమో, ఇక తనకు మిగిలినవి గోడ మీద అంటించినవేనేమో అనిపించింది.

అలాంటి సమయంలో అక్క దిగింది, ఒక సంచీతో, కంటికి శుక్లంతో.

ఆపరేషన్ ఎంతోసేపు పట్టలేదు. కంటి మీద తెల్లటి గుడ్డ, దాని మీద చిల్లుల ప్లాస్టిక్ మూత అంటించి పంపారు. తల వంచకూడదు, బరువులెత్తకూడదు, కన్ను నలపకూడదు, చదవకూడదు, కుట్టకూడదు. చుక్కల మందులు రెండు. తెల్ల మూతది ముందు, గులాబీ మూతది కాసేపాగి. రెండో కంటికి అప్పటికే మసక ఉంది గనక అక్కకు లోకమంతా ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టుంది.

"కుట్టకుండా కూచోవడం నాకు చేతకాదే" అంది అక్క, సోఫాలో చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు. చేతులు కాసేపు ఒళ్ళో ఉన్నాయి. కాసేపటికి వేళ్ళు చీర అంచు పట్టుకుని అటూ ఇటూ జరుపుతూ కుట్టు సరిచూడ్డం మొదలుపెట్టాయి.

ముందు గదిలో రాసుకునే బల్ల ఉండేది. ఇప్పుడక్కడ అక్క పరుపు. బుల్లి కాగితాలన్నీ పట్టుకుని వంటింటి వెనక సన్నటి వసారాలోకి, బట్టలు ఉతికే మిషను దగ్గరికి వెళ్ళింది. దాని మూత మీద కాగితం పెట్టి, నిలబడి రాసేది. ఎవరైనా వస్తే బట్టలు వేస్తున్నట్టు మూత ఎత్తవచ్చు. అక్కకు కనపడదని తెలుసు. అయినా మొదటి రోజు పొద్దున అక్క దగ్గితే ఉలిక్కిపడి, రాసిన పేజీని సబ్బు పొడి డబ్బా కింద తోసేసింది. తీసి చూస్తే సగం అక్షరాలు తడిసి నీలంగా పాకి ఉన్నాయి. అందులో ఉంచుకోవలసిన వాక్యం ఒక్కటీ లేదు గనక పెద్ద నష్టమేమీ జరగలేదు. ఆ సంగతే ఎక్కువ బాధించింది.

అసలు గండం భర్త వల్ల వచ్చింది. ఆయన డ్రైవింగ్ నేర్పే బడిలో పనిచేస్తాడు. రోజంతా నేర్చుకునేవాళ్ళ బ్రేకు తొక్కుడుకి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూచునే మనిషి గనక ఇంటికొస్తే నోరు ఆగదు.

"విసుగ్గా ఉందా వదినా? ఇంట్లో రచయిత్రిని పెట్టుకుని విసుగేంటండీ! నవల రాస్తోంది మీ చెల్లెలు. చదివించుకోండి."

వంటింట్లో ఉల్లిపాయ తరుగుతున్న బుల్లి చేతిలో కత్తి ఆగిపోయింది.

"నవలా?" అంది అక్క. "ఏమేవ్, నిజమేనా? చెప్పలేదేం?"

"ఇంకా అవలేదక్కా. ఏదో..."

"రివర్స్ గేర్లో పడింది" అన్నాడు ఆయన. "నెలరోజులుగా వెనక్కే పోతోంది."

"పోతే పోనీ. ముందుకెళ్ళినంత వరకూ చదువు. రా, ఇలా కూచో."

తప్పించుకోవడానికి బుల్లికి కారణం దొరకలేదు. కూర మాడుతుందంటే ఆయన లేచి వెళ్ళి గరిటె పట్టుకున్నాడు. కాగితాలు తెచ్చి కూచుంది. మొదటి వాక్యం కళ్ళ ముందుంది. 'కత్తెర గుడ్డ మీద నడిచే చప్పుడు తప్ప దుకాణంలో ఇంకే చప్పుడూ లేదు.' చెమట పట్టిన వేలి కింద కాగితం మెత్తబడుతోంది. అక్క చెవి ఇటు తిప్పి కూచుంది.

"పొయ్యిలో కట్టెలు చిటపటమనే చప్పుడు తప్ప బేకరీలో ఇంకే చప్పుడూ లేదు" అని చదివింది బుల్లి.

బేకరీ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. వచ్చేసింది. ఇక దిద్దుకోవడానికి లేదు. కాగితం మీద గుడ్డ కనిపిస్తే నోటితో పిండి అంది. టేపు కనిపిస్తే తక్కెడ అంది. కాలర్లు, కఫులు, కాజాలు వచ్చిన చోటల్లా ఒక్క క్షణం ఆగి, గొంతు సవరించుకున్నట్టు నటించి, రొట్టెలూ రేకు పళ్ళేలూ వెతుక్కుంది. ఏ వాక్యంలో దొరికిపోతానో అన్న భయంతో రెండు వాక్యాలు ముందుకు చూస్తూ, ఒక వాక్యం పైకి చదువుతూ, మధ్యలో ఉన్నదాన్ని మనసులో తిరగరాస్తూ పోయింది.

"ఆవిడ చేతుల మీద కాలిన మచ్చలుంటాయి కదా?" అంది అక్క మధ్యలో.

కాగితంలో లేదు. "ఉంటాయి" అంది బుల్లి. "మణికట్టు పైన, వరసగా. పళ్ళెం లోపలికి తోసేటప్పుడు పొయ్యి అంచు తగిలి."

"మరి ఎండాకాలంలో ఎలాగే ఆవిడకి?"

"తెల్లారకుండానే పని ముగించుకుంటుంది. మధ్యాహ్నం పడుకుంటుంది. వీధంతా మెలకువగా ఉన్నప్పుడు తను నిద్రపోవడం వల్ల ఆవిడ ఎవరితోనూ స్నేహం చేయలేదు."

ఆ చివరి మాట అన్నాక బుల్లి తనే ఒక క్షణం ఆగింది. ఇదెవరు చెప్పారు తనకు? కానీ ఆలోచించే వ్యవధి లేదు. తర్వాతి వాక్యంలో కుట్టుమిషను ఎదురుగా నిలబడి ఉంది.

మర్నాడు సాయంత్రం అక్క కంటి మీది మూత తీసేసి, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని సిద్ధంగా ఉంది. బుల్లి చెప్పులు విప్పకముందే "ఏదీ, ఆవిడ సంగతి?" అంది. ఆ రోజు ఫోనులో ఒకాయన బుల్లిని గొంతు చించుకుని తిట్టాడు. తల వాచిపోయి ఉంది. పక్కింటి గోడ కూలుతుందేమోనన్నంత గట్టిగా టీవీ మోగుతోంది. చదువుతూ పోయింది. ఆవిడ పిండి తూచింది, ఆవిడ పిండి పిసికింది, ఆవిడ అద్దంలో...

"...నోట్లో నాలుగు గుండుసూదులు పట్టుకుని, పెదవులు కదపకుండా 'చెయ్యెత్తండి' అంది."

చదివాక కూడా బుల్లికి నోరు జారిన సంగతి తెలియలేదు. తర్వాతి వాక్యంలోకి వెళ్ళబోతుంటే అక్క చెయ్యి లేచింది.

"ఆగు. రొట్టెలు చేసే ఆవిడకి నోట్లో గుండుసూదులెందుకే?"

బుల్లి కాగితం మీద ఆ వరస మళ్ళీ చూసుకుంది.

అక్క ముఖం నల్ల కళ్ళద్దాల వెనకుంది. పెదవులు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ పెదవులు నెమ్మదిగా దగ్గరకు చేరి, బిగుసుకున్నాయి.

"అది నేను" అంది అక్క.

టీవీ మోగుతోంది. బుల్లి కాగితాలు సర్దింది, మళ్ళీ చెదరగొట్టింది, మళ్ళీ సర్దింది.

"అక్కా..."

"మందు వెయ్యి. వేళయింది."

వేసింది. తెల్ల మూత, కాసేపాగి గులాబీ మూత. భోజనాల దగ్గర ఆయన కారు గోడకెక్కించిన శిష్యుడి కథ చెబితే అక్క నవ్వలేదు. ఆయన భార్య వంక చూసి కళ్ళతోనే 'ఏమైంది?' అన్నాడు. బుల్లి గ్లాసుల్లో నీళ్ళు పోసింది.

మరుసటి రోజు ఆఫీసులో ఆమె రెండుసార్లు తప్పు వీధికి ఫిర్యాదు రాసింది. నీళ్ళు రాని వీధి వదిలేసి వస్తున్న వీధికి మనుషుల్ని పంపింది. పైఅధికారి వచ్చి భుజం వెనక నిలబడ్డాడు. "ఆరోగ్యం బాగా లేదామ్మా?" అన్నాడు. బాగానే ఉందంది. అక్క తన ఊరు వెళ్ళిపోతానంటుందేమో, కన్ను ఇంకా పచ్చిగా ఉండగానే సంచీ సర్దుకుంటుందేమో అని ఒక భయం. ఆ భయంలో కూడా మనసు ఇంకో మూల నుంచి 'అడిగితే ఇప్పుడు చెబుతుందేమో' అంటోంది. ఆ మూలని చూసి బుల్లికి తన మీద తనకే ఏవగింపు కలిగింది.

ఇంటికొచ్చేసరికి అక్క బాల్కనీలో కుర్చీ వేసుకుని కూచుంది. ఆయన ఇంకా రాలేదు.

"కూచో. చదువు."

"వద్దక్కా. నేను అది..."

"బేకరీ వద్దు. నువ్వు రాసింది రాసినట్టు, కత్తెర పెట్టి చదువు."

బుల్లి చదివింది. ఇప్పుడు మార్చడానికేమీ లేదు. మార్చి చదివినప్పుడు ఎంత గమ్మత్తుగా పరుగెత్తిందో, ఉన్నది ఉన్నట్టు చదువుతుంటే అంత బరువుగా కాళ్ళీడుస్తోంది కథ. ఆవిడ ఎప్పుడూ మంచిదే. ఎప్పుడూ ఓర్చుకుంటోంది. ప్రతి పేజీలోనూ ఏదో ఒక వెలుతురు వచ్చి ఆవిడ ముఖం మీద పడుతోంది. యజమాని అరుపు దగ్గర ఆగింది.

"ఆ తర్వాత?"

"లేదు. అక్కడే ఆగిపోయాను."

"ఇదంతా నీకెవరు చెప్పారు?"

"చూశాను. ఆ రోజు నీకు క్యారియర్ తెచ్చాను. అద్దం బయట నిలబడి ఉన్నాను."

అక్క కుర్చీ చేతుల్ని పట్టుకుంది. "మొత్తం చూశావా?"

"నీ వీపు కనిపించింది. అంతే. నువ్వు ఏమన్నావో వినపడలేదు."

"వీపేనా? చేతులు కనపడలేదా?"

"లేదక్కా."

అక్క వీధి వైపు ముఖం తిప్పింది. కింద ఎవరో స్కూటర్ స్టార్ట్ అవక తంటాలు పడుతున్నారు. అది స్టార్టయి వెళ్ళిపోయాక అక్క చెప్పడం మొదలుపెట్టింది, ఎవరిదో కొలత చెబుతున్నట్టు, ఎత్తుపల్లాలు లేకుండా.

"వాడు అరుస్తున్నాడు. వాడి చొక్కాకి పొట్ట దగ్గర గుండీ ఒకటి ఒక్క దారం మీద వేలాడుతోంది. వాడు చెయ్యి ఊపినప్పుడల్లా అదీ ఊగుతోంది. నాకు వాడి మాటలేమీ ఎక్కట్లేదే. ఇప్పుడు ఊడుతుంది, ఇప్పుడు ఊడుతుంది అని దాన్నే చూస్తున్నా. నా చేతిలో దారం ఎక్కించిన సూది ఉంది. వంగి కుట్టేశాను."

"ఏం కుట్టావు?"

"గుండీ. వాడి గుండీ. దొంగదానా అంటున్నాడు, నేను వాడికి గుండీ కుడుతున్నాను. వాడేమైనా ఆపాడనుకున్నావా? కుట్టడానికి వీలుగా పొట్ట లోపలికి పీల్చుకుని మరీ తిట్టాడు."

బుల్లికి నవ్వు తన్నుకొచ్చింది. అక్క ముఖం చూసి గొంతులోనే నొక్కేసుకుంది.

"చివర్లో దారం పళ్ళతో తెంపాలి కదా. వాడి పొట్ట మీదికి మొహం పెట్టి తెంపాను. అప్పుడు తెలిసింది నేనేం చేస్తున్నానో. చుట్టూ అందరూ చూస్తున్నారు. నేనేమీ అనలేదే బుల్లీ. సూది కుర్చీ గుడ్డకి గుచ్చి వచ్చేశాను. తర్వాత ఆ గుడ్డ మిల్లు నుంచే తక్కువొచ్చిందని తేలింది, పనిలోకి రమ్మని కబురు కూడా పెట్టారు. దొంగన్నారని కాదు నేను మానేసింది. ఆ గుండీ పెట్టుకుని తిరిగే మనిషి ముందు మళ్ళీ ఎలా కూచుంటాను?"

కళ్ళద్దాల కింద నుంచి నీరు జారింది. కన్ను నలపకూడదు గనక అక్క చెంప దగ్గర చీర కొంగు ఆనించి పట్టుకుంది. బుల్లి లేచి అక్క భుజం మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి నిజమైనదే. కానీ అదే క్షణంలో తలలో ఎవరో కూచుని 'పొట్ట లోపలికి పీల్చుకుని' అన్న చోట వాక్యం విరవాలా, ఒకే ఊపులో పోనివ్వాలా అని చూసుకుంటున్నారు. ఆ చెయ్యి తీసేయాలనిపించింది బుల్లికి.

తెల్లవారగానే వసారాలోకి వెళ్ళింది. రాయకూడదనే అనుకుంది. కలం పట్టుకుని కాసేపు మిషను మూత మీద దుమ్ములో గీతలు గీసింది. తర్వాత రాసింది. మొత్తం ఒకే కాగితం, రెండు వైపులా, ఎక్కడా కొట్టివేత లేకుండా. రాశాక తడి బట్టల బుట్ట మీద కూచుంది. నెలరోజులుగా దూరంగా ఉన్నది ఇప్పుడు చేతిలో ఉంది. ఉందని సంతోషించాలో, ఎక్కణ్ణుంచి వచ్చిందో తలుచుకుని దాచుకోవాలో తెలియలేదు.

ఆ మధ్యాహ్నమే సంపాదకురాలు ఫోను చేసింది. "దొరికిందా అండీ ఆవిడ జవాబు?"

"దొరికింది" అంది బుల్లి.

"అమ్మయ్య! అయితే ముగించి పంపించెయ్యండి."

సాయంత్రం అక్కే అడిగింది. "పొద్దున మిషను తిరగలేదు. నువ్వు మాత్రం దాని దగ్గర చాలాసేపున్నావు. ఏం రాశావు?"

అబద్ధం చెప్పవచ్చు. బేకరీ ఆవిడను పిలవవచ్చు. బుల్లి లోపలికెళ్ళి ఆ ఒక్క కాగితం తెచ్చింది. నిలబడే చదివింది. ఒక్క ముక్క మార్చలేదు. చదువుతున్నంతసేపూ అక్క చేతులు ఒళ్ళో కదలకుండా ఉన్నాయి. వచ్చిన ఇన్ని రోజుల్లో ఆ చేతులు అలా కదలకుండా ఉండటం బుల్లి చూడలేదు.

"బాగుంది" అంది అక్క. "అచ్చం అలాగే ఉంది. నాకే ఒళ్ళు మండింది వాడి మీద."

బుల్లి ఊపిరి పీల్చుకుంది.

"అది నాకిచ్చెయ్యి."

"ఏమిటి?"

"ఆ కాగితం. బాగా రాయకపోయుంటే పోనీలే అనేదాన్ని. ఎవరూ నమ్మరు కదా. ఇంత బాగా రాశావు. చదివినవాళ్ళు నన్ను చూడగానే పళ్ళతో దారం తెంపుతున్నట్టు కనిపిస్తాను." చెయ్యి చాపింది. "మళ్ళీ రాసుకోగలవని నాకు తెలుసే. నేను ఆపలేను. అడుగుతున్నాను, అంతే."

సంపాదకురాలి గొంతు, నెలాఖరు, పుస్తకం అట్ట మీద తన పేరు ఎలా ఉంటుందోనని రహస్యంగా రాసి చూసుకున్న అక్షరాలు, అన్నీ ఒకేసారి బుల్లి తలలో తిరిగాయి. కాగితం ఆమె చేతిలోనే ఉంది. అక్క చెయ్యి దానికి కాస్త పక్కగా, గాలిలో చాపి ఉంది. సరిగా ఎక్కడుందో కనపడటం లేదు అక్కకు.

బుల్లి ఆ చేతిలో కాగితం పెట్టింది. అక్క దాన్ని మడిచి, అంచు మీద గోరు పెట్టి ఇస్త్రీ చేసినట్టు గీసి, మళ్ళీ మడిచి, జాకెట్టు లోపల పెట్టుకుంది.

మర్నాడు విరామంలో, ఆఫీసు మెట్ల మీద నిలబడి బుల్లి సంపాదకురాలికి ఫోను చేసింది. నవల్లో కుట్టుపని ఆవిడ ఇక ఉండదని, ఆవిడ బదులు ఒక బేకరీ ఆవిడ కథ రాస్తానని చెప్పింది.

"అంటే మొదటి నుంచా?" అంది సంపాదకురాలు.

"మొదటి నుంచి."

"చదివినదాంట్లో నాకు నచ్చిందే ఆ కుట్టు దుకాణమండీ." నిట్టూర్పు వినిపించింది. "అయితే ఈ ఏడాదికి కాదు. వచ్చే ఏడు సంగతి ఇప్పుడే మాటివ్వలేను. మీకు తెలుసు కదా."

"తెలుసండీ" అంది బుల్లి. "మీకు కలిగిన..." అని నాలుక కరుచుకుంది. "నన్ను క్షమించండి" అంది.

ఆ మిగతా రోజంతా హెడ్‌ఫోనులో మాటలు వస్తూ పోతూ ఉన్నాయి. చేతిలో ఉన్నది ఇచ్చేసింది. ఎదురుగా ఉన్నది ఒక మనిషి మణికట్టు మీద కాలిన మచ్చలు, మధ్యాహ్నపు నిద్ర. దాంతో నవలవుతుందా? మొదటిదాన్ని నిలబెట్టుకోలేనిది రెండోదాన్ని ఎక్కడ నిలబెడుతుంది?

ఇల్లు చేరేసరికి ఆయన అక్కకు కాఫీ ఇచ్చి, కప్పు ఎక్కడుందో గడియారం లెక్కన చెబుతున్నాడు. "మూడు గంటల వైపు వదినా, మూడు." అక్క ఆయన్ని కసురుకుంటోంది, తనకిప్పుడు గడియారమే కనపడుతోందని. ఆపరేషన్ చేసిన కన్ను తేటపడుతోంది. గోడ మీద పెచ్చూడిన చోటు కూడా కనపడి సున్నం వేయించమంది. చుక్కల వేళకు బుల్లి చేతులు కడుక్కుని వచ్చింది. అక్క కళ్ళద్దాలు తీసి, సోఫా వీపుకు తల ఆనించింది. తెల్ల మూతది ఒక చుక్క పడింది. అక్క రెప్ప మూసుకుంది.

"ఆ బేకరీ ఆవిణ్ణి కూడా దొంగే అంటారా?" అంది కళ్ళు మూసుకునే.

"అంటారేమో."

"ఏం దొంగిలించిందని? వెన్నా?"

"వెన్న."

"ఎవరంటారు? ఓనరేనా? ఎక్కడ నిలబడి అంటాడు?"

బుల్లి సీసా పట్టుకుని చూసింది. ఎక్కడ నిలబడతాడు? "పొయ్యికి అడ్డంగా" అంది. "కొనడానికి వచ్చినవాళ్ళందరూ ఉన్నారు. కావాలనే వాళ్ళ ముందు అంటాడు."

"ఆవిడ చేతులు ఖాళీగా ఉన్నాయా?"

"లేవు. పెద్ద రేకు పళ్ళెం ఉంది, రెండు చేతులా. పిండి ముద్దలు పొంగి ఉన్నాయి. ఇంక ఆగవు."

"మరి వాడు అరుస్తున్నాడు. ఏమంది?"

బుల్లి నోరు తెరిచేటప్పటికి ఆమెకు తెలియదు. ఉపన్యాసాలు గుర్తుకు రాలేదు. ఏడుపు గుర్తుకు రాలేదు. ఆవిడ మోచేతులు బరువుకు వణకడం కనిపించింది, అంతే.

"'పక్కకి జరగండి' అంది."

"ఆఁ?"

"'పక్కకి జరగండి, పిండి అణిగిపోతుంది' అంది."

అక్క మూసిన రెప్ప అదిరింది. "జరిగాడా?"

"వెనక పొయ్యి సెగ, ముందు పొట్టకి గుచ్చుకుంటూ పళ్ళెం. జరగక ఏం చేస్తాడు?"

అక్క నవ్వింది. ముందు ముక్కుతో, తర్వాత భుజాలతో, ఇక ఆపుకోలేక నోరంతా తెరిచి. మందు చుక్క కంటి కొసలోంచి జారి చెవి వైపు పారింది. "నవ్వించకే, కుదుపులు తగలకూడదన్నాడు డాక్టరు" అంటూనే నవ్వింది. పక్క గదిలోంచి ఆయన తొంగిచూసి, ఏమిటని అడగకుండానే తనూ నవ్వి వెళ్ళిపోయాడు.

నవ్వు తగ్గాక అక్క మళ్ళీ తల ఆనించింది.

"రొట్టెలు బాగా వచ్చాయా మరి?" అంది.

"ఇంకా తెలీదు. ఇప్పుడే లోపల పెట్టింది" అంది బుల్లి, గులాబీ రంగు మూత తిప్పుతూ.